'స్టీల్' ఎక్కడ, 'రాబ్' ఎక్కడ? దొంగతనానికీ లాక్కోవడానికీ సరైన ఇంగ్లీష్ మాట ఎంచుకునే పద్ధతి

చాలా ఏళ్ల కిందట సిటీ బస్సులో నా ఫోన్ ఎవరో కొట్టేశారు. ఇన్సూరెన్స్‌కి కాగితం కావాలంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఇంగ్లీష్‌లో రాస్తే కాస్త బరువుగా ఉంటుందనుకుని 'మై ఫోన్ వాజ్ రాబ్డ్ ఇన్ ది బస్' అని రాసిచ్చాను. అక్కడి రైటర్ చదివి తలెత్తాడు. "ఎంతమంది సార్? కత్తి చూపించారా? దెబ్బలేమన్నా తగిలాయా?" అన్నాడు. అదేం లేదు, నిలబడి కునుకు తీస్తుంటే జేబులోంచి లాగేశారన్నాను. "అయితే ఇది రాబరీ కాదండీ, థెఫ్ట్" అని నా మాట కొట్టేసి మళ్లీ రాయించాడు. పొద్దున ఫోన్ కొట్టేశారు, సాయంత్రం మాట కొట్టేశారు. అప్పటికి నేను పిల్లలకు ఇంగ్లీష్ చెబుతూ నాలుగేళ్లయింది.

ఏ పర్యాయపదాల నిఘంటువైనా తెరవండి. 'స్టీల్' పక్కన రాబ్, పిల్ఫర్, స్నాచ్, లూట్, ఎంబెజిల్, స్వైప్, ప్లండర్ అంటూ ముప్ఫై మాటలు వరసగా కనిపిస్తాయి. అన్నీ ఒకటేనేమో, ఒకటి తీసి ఇంకోటి పెట్టొచ్చేమో అనిపిస్తుంది. కుదరదు. ఏ మాట ఎక్కడ సరిపోతుందో తేల్చుకోవడానికి నేను క్లాసులో వాడే వరస ఇది. ఇంగ్లీష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, గట్టిగా చదువుకుంటూ పోవడానికి వీలుగా.

మొదటి అడుగు: ముందు తెలుగులో సరైన క్రియ పట్టుకోండి

తప్పు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. మనసులో 'ఫోన్ పోయింది' అనుకుని ఇంగ్లీష్‌లోకి దూకుతాం. తెలుగులో 'పోయింది' అంటే జారిపోయినా సరే, ఎవరైనా తీసినా సరే, చెడిపోయినా సరే. ఇంగ్లీష్ అలా ఊరుకోదు. లాస్టా, స్టోలెనా? తేల్చాకే వాక్యం కదులుతుంది. విదేశంలో పాస్‌పోర్ట్ పోయినప్పుడు నింపే ఫారాల్లో కూడా ఈ రెండింట్లో ఏదో చెప్పమంటారు.

అందుకే 'పోయింది' పక్కన పెట్టి, ఎలా పోయిందో తెలుగులో చెప్పుకోండి. కొట్టేశాడా, నొక్కేశాడా, లాక్కున్నాడా, గుంజుకున్నాడా, దోచుకున్నాడా, కాజేశాడా, మింగేశాడా, ఎగరేసుకుపోయాడా? ఇవన్నీ ఒకటి కాదని మీకు తెలుసు. నొక్కేసేవాడు చప్పుడు చేయడు, గుంజుకునేవాడు ఎదురుగా నిలబడతాడు, మింగేసేవాడు లెక్కలు రాసే కుర్చీలో ఉంటాడు. ఇంత తేడా తెలిసిన మనం ఇంగ్లీష్‌కి వచ్చేసరికి అన్నిటినీ తీసుకెళ్లి 'థెఫ్ట్' అనే ఒక్క గోతాంలో పడేస్తాం. మీ తెలుగు చెవిని నమ్మండి. అది సగం పని చేసి పెడుతుంది.

రెండో అడుగు: పోయింది వస్తువా, నష్టపోయింది మనిషా?

'స్టీల్' వెనక వచ్చేది వస్తువు. 'రాబ్' వెనక వచ్చేది మనిషి, లేదా చోటు. 'దే స్టోల్ ది మనీ', 'దే రాబ్డ్ ది బ్యాంక్'. దీన్ని తిప్పి 'దే స్టోల్ ది బ్యాంక్' అంటే బ్యాంకు భవనాన్నే భుజాన వేసుకుపోయారని. 'ఐ వాజ్ రాబ్డ్' అంటే నన్ను దోచుకున్నారు. 'ఐ వాజ్ స్టోలెన్' అంటే నన్నే ఎత్తుకుపోయారు!

మనవాళ్లు ఇక్కడ తడబడడానికి కారణం తెలుగే. 'ఇల్లు దోచారు' అంటాం, 'నగలు దోచుకెళ్లారు' అనీ అంటాం. మన 'దోచు' రెండు వైపులా నడుస్తుంది. 'రాబ్' అలా నడవదు. వస్తువు కూడా చెప్పాలంటే మధ్యలో 'ఆఫ్' రావాలి: 'దే రాబ్డ్ హర్ ఆఫ్ హర్ జ్యూయెలరీ'. స్టీల్‌కి అయితే 'ఫ్రమ్': 'దే స్టోల్ హర్ జ్యూయెలరీ' అని, కావాలంటే 'ఫ్రమ్ హర్'.

గుర్తుండడానికి ఒక చిట్కా. రాబ్ అనే మాటకీ, ఒంటి మీద వేసుకునే 'రోబ్' అనే మాటకీ మూలం ఒకటే. పాత ఫ్రెంచ్‌లో రోబ్ అంటే ముందు దోపిడి సొమ్ము, ఆ తర్వాత దోచుకొచ్చిన బట్టలు, చివరికి మామూలు వస్త్రం. అంటే రాబ్ చేయడమంటే మనిషిని ఒలిచేయడం. మనకు తిరుమలలో నిలువుదోపిడీ మొక్కు ఉంది కదా, ఒంటి మీదున్న నగలన్నీ తీసి హుండీలో వేసేది. అందులోని 'నిలువు' మనిషిదే. దోపిడీ జరిగేది మనిషికి. ఇది తలచుకున్నాక నా క్లాసులో 'మై ఫోన్ వాజ్ రాబ్డ్' దాదాపు మాయమైంది.

ఇక్కడే ఇంకో చిన్న మాట. థెఫ్ట్ అంటే పని, థీఫ్ అంటే మనిషి. 'ఎ థెఫ్ట్ ఎంటర్డ్ ది హౌస్' అని రాస్తే దొంగతనమే చెప్పులు విప్పి లోపలికొచ్చినట్టు. రూపాలు స్టీల్, స్టోల్, స్టోలెన్. ఉక్కుకు కూడా ఇంగ్లీష్‌లో ఇదే ఉచ్చారణ, స్పెల్లింగ్ మాత్రం వేరు. విశాఖ ఉక్కు గురించి రాస్తూ దొంగతనం స్పెల్లింగ్ వేసిన వ్యాసం ఒకటి నా చేతికొచ్చింది. వ్యంగ్యమేమో అనుకున్నాను, కాదు.

మూడో అడుగు: యజమాని అక్కడున్నాడా, బలం వాడారా?

ఇదే అసలు అడుగు. పేపర్లో రాసేవాళ్లకీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లకీ ఇక్కడ పొరపాటు జరిగితే ఖరీదు కట్టాలి. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ తేడాలను వేర్వేరు సెక్షన్లుగా పెట్టింది. నిఘంటువు కంటే చట్టమే పదాల్ని బాగా విడదీస్తుందని నా అభిప్రాయం.

ఎవరి దగ్గరున్నదో వాళ్ల సమ్మతి లేకుండా, అన్యాయంగా కాజేసే ఉద్దేశంతో తీస్తే థెఫ్ట్. ఇది 303వ సెక్షన్. నా ఫోన్ సంగతి ఇదే. మామూలు ఇంగ్లీష్‌లో అయితే 'ఐ వాజ్ పిక్‌పాకెటెడ్' అన్నా, 'సంవన్ పిక్డ్ మై పాకెట్' అన్నా నప్పుతుంది.

మెడలో గొలుసు తెంపుకుపోతే స్నాచింగ్. పాత శిక్షాస్మృతిలో దీనికి విడిగా సెక్షన్ లేదు, కొత్త చట్టంలో 304గా వచ్చింది. ఆ నిర్వచనంలో సీజ్, సెక్యూర్, గ్రాబ్, టేక్ అవే అనే నాలుగు క్రియల్నీ పక్కపక్కనే పేర్చారు. హఠాత్తుగానో, వేగంగానో, బలంగానో ఈ నాలుగింట్లో ఏది చేసినా స్నాచింగే. పర్యాయపదాల పట్టిక ఒకటి చట్టంలోకి ఎక్కి కూర్చున్నట్టుంది కదా! బైక్ మీద వచ్చి గొలుసు లాక్కుపోయాడని రాయాలంటే 'హి స్నాచ్డ్ హర్ చెయిన్'. వేగం కనబడుతుంది. అక్కడ 'స్టోల్' పెడితే వార్త చప్పబడిపోతుంది.

కొట్టో, అడ్డగించో, అప్పటికప్పుడు ప్రాణభయం పెట్టో తీసుకుంటే రాబరీ, 309. అదే పని అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేస్తే డెకాయిటీ, 310. నలుగురైతే కాదు, అయిదుగురైతే అవుతుంది. డెకాయిట్ హిందీ 'డకైత్' నుంచి ఇంగ్లీష్‌లోకి వెళ్లి, మళ్లీ మన చట్టంలోకి ఇంగ్లీష్ వేషంలో వచ్చింది. మన మాట బందిపోటు. అమెరికాలో ఉన్న చుట్టాలతో డెకాయిట్ అంటే వాళ్ల పక్కింటివాళ్లకు అర్థం కాదు, అక్కడ 'ఆర్మ్డ్ గ్యాంగ్' అని చెప్పుకోవాలి.

వీధిలో ఒంటరిగా పోతున్నవాణ్ణి బెదిరించి పర్సు లాక్కుంటే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మామూలుగా వాడేది 'మగ్'. 'హి వాజ్ మగ్డ్ నియర్ ది స్టేషన్'. కొత్తగా చదువుకు వెళ్లిన పిల్లలు ముందు నేర్చుకోవాల్సిన మాటల్లో ఇదొకటి. కాఫీ తాగే మగ్ అనుకుని నవ్విన కుర్రాణ్ణి ఎరుగుదును.

భయపెట్టి, నువ్వే తెచ్చివ్వు అనిపిస్తే ఎక్స్‌టార్షన్, 308. రాబర్ తానే లాక్కుంటాడు, ఎక్స్‌టార్ట్ చేసేవాడు నీ చేత్తోనే ఇప్పించుకుంటాడు. ఈ మాటకు లాటిన్ మూలం మెలితిప్పడం. తెలుగులో 'ముక్కుపిండి వసూలు చేశాడు' అంటామే, ఆ పిండడానికి బాగా దగ్గర. మనం ముక్కు పిండి బాకీ కూడా వసూలు చేస్తాం, ఎక్స్‌టార్షన్‌లో మాత్రం న్యాయమైన బాకీ ఉండదు.

ఇక ఇంట్లో జొరబడితే? కన్నం వేయడం, తాళం పగలగొట్టడం, ఇవి బర్గ్లరీ. చేసేవాడు బర్గ్లర్. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు దూరినవాణ్ణి రాబర్ అనకూడదు, అక్కడ బెదిరించడానికి మనిషే లేడు కదా. ఇంగ్లాండ్‌లో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ ప్రకారం బర్గ్లరీకి తాళం పగలక్కర్లేదు, దొంగతనం చేసే ఉద్దేశంతో అనుమతి లేకుండా లోపలికి వెళ్తే చాలు. కన్నం వేసో, తాళం పగలగొట్టో జొరబడడానికి మన శిక్షా చట్టంలో 'హౌస్ బ్రేకింగ్' అని పేరు, బర్గ్లరీ అనే మాట మనకు ఎక్కువగా ఇన్సూరెన్స్ పాలసీల్లో తగులుతుంది. అక్కడ దాని అర్థం మళ్లీ వేరు. బలవంతంగా చొరబడితేనే ఆ పాలసీ డబ్బు వస్తుందని సుప్రీంకోర్టు 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో తేల్చింది. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి సరుకు ఎత్తుకుపోతే అది మామూలు వాడుకలో దొంగతనమే, కానీ పాలసీ భాషలో బర్గ్లరీ కాదు. దుకాణం ఉన్నవాళ్లు పాలసీ కాగితంలో ఆ ఒక్క మాటకిచ్చిన నిర్వచనం ఇవాళే చదువుకోండి.

క్రియగా వాడాలంటే బ్రిటన్‌లో 'బర్గిల్', అమెరికాలో 'బర్గ్లరైజ్'. రెండూ చెవికి వింతగానే ఉంటాయి. 'ది హౌస్ వాజ్ బ్రోకెన్ ఇంటు' అనేస్తే ఏ గొడవా లేదు.

నాలుగో అడుగు: ఎంత పోయింది, ఏ గొంతుతో చెబుతున్నారు?

ఆఫీసులో పెన్నులు, హోటల్లో చెంచాలు, బడ్డీకొట్టులో బిళ్లలు. వీటికి రాబరీ అంటే నవ్వుతారు. తెలుగులో 'చేతివాటం' అంటాం. దానికి ఇంగ్లీష్‌లో అచ్చంగా సరిపోయే మాట 'పిల్ఫర్'. కొంచెం కొంచెంగా, పదేపదే, విలువ తక్కువవి తీయడం. 'ఫిల్చ్' కూడా అలాంటిదే, ఒక్కసారి చటుక్కున తీసినా సరిపోతుంది. షాపులో సరుకు చొక్కాలో పెట్టుకుని బయటికొస్తే 'షాప్‌లిఫ్టింగ్'.

స్నేహితుల మధ్య మాటల్లో బ్రిటన్‌వాళ్లు 'నిక్', 'పించ్' అంటారు. 'హూ నిక్డ్ మై పెన్?' మన 'నా పెన్ను ఎవడ్రా లేపేసింది?' లాంటిది. అమెరికాలో నిక్ అంటే చాలామందికి చిన్న గాటు, లేదా ఒక మనిషి పేరు. అక్కడ 'స్వైప్' అనొచ్చు. కార్డు స్వైప్ చేయడానికి అలవాటుపడ్డ మనకు అది దొంగతనంలా వినిపించదు, అందుకే మనలో మనం వాడుకోకపోవడం మేలు. 'పర్లాయిన్' అని ఒకటుంది. పాత పుస్తకాల వాసన వేస్తుంది, మన 'తస్కరించు' లాగా. సరదాకి తప్ప వాడకండి. 'నా చెప్పులు గుడి బయట తస్కరింపబడినవి' అన్నట్టుంటుంది.

అయిదో అడుగు: నమ్మి ఇచ్చిందా, నమ్మించి తీసుకున్నదా?

'ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అంటారు. ఆ ఇంటిదొంగకు ఇంగ్లీష్‌లో వేరే క్రియ ఉంది: 'ఎంబెజిల్'. డబ్బు ముందే అతని చేతిలో ఉంటుంది, సక్రమంగానే అప్పగించారు. కేషియర్, సొసైటీ కార్యదర్శి, ట్రస్టీ. దాన్ని తన సొంతానికి వాడుకుంటే ఎంబెజిల్. బయటివాడు గల్లాపెట్టె పగలగొడితే ఎంబెజిల్ కాదు. మన చట్టం దీన్ని 'క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్' అంటుంది, 316వ సెక్షన్. పేపర్లలో 'నిధుల స్వాహా' అని వచ్చే వార్తకు ఇంగ్లీష్ రాస్తుంటే ఎంబెజిల్ కానీ, 'మిస్‌అప్రోప్రియేట్' కానీ పెట్టండి. రెండోది కొంచెం మెత్తన. తప్పు ఇంకా రుజువు కానప్పుడు 'అలెజెడ్లీ' జోడించి అదే వాడతారు.

'స్విండిల్' అలా కాదు. అక్కడ డబ్బు నీ దగ్గరే ఉంటుంది, నమ్మించి నీ చేతే ఇప్పించుకుంటాడు. కుచ్చుటోపీ పెట్టడం, శఠగోపం పెట్టడం, నామాలు పెట్టడం అన్నీ ఇదే. చిట్టీల పేరుతో వసూలు చేసి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసేవాళ్లది స్విండిల్. ఇక్కడా రాబ్ లాంటి పద్ధతే: 'హి స్విండిల్డ్ దెమ్ అవుట్ ఆఫ్ దెయిర్ సేవింగ్స్'. ముందు మనుషులు, తర్వాత డబ్బు. రాతలో కాస్త గంభీరంగా కావాలంటే 'డిఫ్రాడ్'. మన 'టోపీ' బరువు రావాలంటే మాత్రం 'కాన్డ్' అనండి.

ఇంకొకరి రాతను తన పేరుతో వేసుకోవడం 'ప్లేజియరైజ్'. లాటిన్‌లో దీని మూలానికి మనుషుల్ని ఎత్తుకుపోయేవాడని అర్థం. రాసినవాళ్లకు ఆ బాధ తెలుసు.

ఆరో అడుగు: గుంపా, సైన్యమా, సర్కారా?

అల్లర్లలో దుకాణాల మీద జనం పడితే 'లూట్'. ఇది హిందీ లూట్ నుంచే ఇంగ్లీష్‌లోకి పోయింది, మన 'లూటీ' దాని తోబుట్టువు. సైన్యం ఊళ్లూ కోటలూ దోస్తే 'ప్లండర్', 'పిల్లేజ్'. ఇవి చరిత్ర పుస్తకాల మాటలు, సందు చివర కిరాణా కొట్టుకు వాడితే అతి అవుతుంది. 'రాన్‌సాక్' అంటే దోచడం కంటే ముందు జరిగేది: బీరువాలు తెరిచి, పరుపులు చింపి, ఇల్లంతా చిందరవందర చేసి వెతకడం. పాత నార్స్ భాషలో ఇల్లు, వెతుకు అనే రెండు మాటల కలయిక. ఏమీ దొరక్కపోయినా రాన్‌సాక్ అయినట్టే.

అధికారం ఉన్నవాళ్లు తీసుకుంటే మాట మళ్లీ మారుతుంది. పోలీసులు గంజాయి పట్టుకుంటే 'సీజ్డ్', టీచర్ క్లాసులో ఫోన్ లాక్కుంటే 'కాన్ఫిస్కేటెడ్', బండి తీసుకెళ్లి స్టేషన్‌లో పెడితే 'ఇంపౌండెడ్'. ఇక్కడో హెచ్చరిక. మన టీవీల్లో 'షాపు సీజ్ చేశారు' అంటారు, తాళం వేసి లక్క ముద్ర వేశారన్న అర్థంలో. ఇంగ్లీష్‌లో అది 'సీల్డ్'. 'ది షాప్ వాజ్ సీజ్డ్' అంటే షాపే స్వాధీనమైపోయిందని.

కబ్జాకు 'ల్యాండ్ గ్రాబింగ్' అందరికీ తెలిసిందే. చెరువు గట్టు కొద్దికొద్దిగా కలిపేసుకుంటే 'ఎన్‌క్రోచ్', దాని వెనక 'ఆన్' తప్పదు. సింహాసనమో పదవో హక్కులేకుండా ఆక్రమిస్తే 'యూజర్ప్'. పొలానికి, ఫోన్‌కి ఇది వాడకండి.

ఏడో అడుగు: చేతి మాటలు, నేరం లేనివి

గ్రాబ్, స్నాచ్, సీజ్, క్లచ్, గ్రాస్ప్. వీటిలో దొంగతనం ఉండాలని లేదు, చేయి ఉంటే చాలు. గ్రాబ్‌లో తొందర ఉంది, మర్యాద తక్కువ. 'లెట్స్ గ్రాబ్ ఎ కాఫీ' అంటే గబుక్కున ఓ కాఫీ తాగొద్దాం అని మాత్రమే. క్లచ్‌లో భయం ఉంది: తిరనాళ్లలో తప్పిపోతానేమోనని అమ్మ కొంగు పట్టుకునే పిల్లాడి పిడికిలి. గ్రాస్ప్‌లో పట్టు ఉంది, అందుకే అర్థం చేసుకోవడానికీ వాడతారు. తెలుగులో 'విషయం పట్టుకున్నాడు' అంటామే, అచ్చం అలాగే.

ఎనిమిదో అడుగు: మన 'దొంగ' అన్నిచోట్లా థీఫ్ కాదు

తెలుగులో దొంగ ఎంత విశాలమైన మాటో ఇంగ్లీష్‌లోకి తేబోతే తెలుస్తుంది. దొంగ నోటు 'కౌంటర్‌ఫీట్', దొంగ సంతకం 'ఫోర్జ్డ్', దొంగ ఏడుపు 'క్రొకడైల్ టియర్స్'. దొంగ నిద్రకు మాట లేదు, 'ప్రిటెండింగ్ టు స్లీప్' అని విడమర్చాలి. పనిదొంగ 'షర్కర్'. దొంగచూపుకు మాత్రం ఇంగ్లీష్‌వాళ్లు మనతో కలుస్తారు: 'స్టోల్ ఎ గ్లాన్స్'. వెన్న దొంగను 'బటర్ థీఫ్' అనేస్తే కేసు పెట్టినట్టుంటుంది, ముద్దు మొత్తం పోతుంది. బుగ్గ గిల్లి 'ఓరి దొంగా' అనే అమ్మమ్మ మాటకు నా దగ్గర ఇంగ్లీష్ లేదు, 'యూ లిటిల్ రాస్కల్' దగ్గరి దాకా వెళ్లి ఆగిపోతుంది.

అటునుంచి చూస్తే, ఇంగ్లీష్‌లో 'ఇట్స్ ఎ స్టీల్' అంటే దొంగ సొమ్మని కాదు, కారుచవకగా దొరికిందని.

ఆఖరి అడుగు: కోహినూర్ మీద సాధన

ఇప్పుడు పైవన్నీ ఒక్క వజ్రం మీద వాడి చూద్దాం. కృష్ణా తీరంలో కొల్లూరు గని దగ్గర దొరికిందని మనం చెప్పుకునే కోహినూర్.

1739లో ఇరాన్ పాలకుడు నాదిర్ షా సైన్యంతో వచ్చి ఢిల్లీని ఖాళీ చేశాడు. ఇక్కడ ప్లండర్డ్, లూటెడ్ రెండూ నిలుస్తాయి, స్టోల్ చాలదు. 1813లో పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ దాన్ని గద్దె పోయిన అఫ్గాన్ రాజు షా షుజా దగ్గర్నుంచి రాబట్టాడు. ఆశ్రయం కోరి వచ్చినవాడు తానే ఇచ్చాడా, ఒత్తిడి మీద ఇచ్చాడా అన్నదాన్ని బట్టి రిసీవ్డ్ అనో, ఎక్స్‌టార్టెడ్ అనో రాయాలి. బ్రిటిష్‌వాళ్లు పంజాబ్‌ను కలిపేసుకున్నప్పటి 1849 లాహోర్ ఒప్పందం మూడో నిబంధనను చూడండి. రంజిత్ సింగ్ వరకూ వచ్చేసరికి ఆ వజ్రం షా షుజా నుంచి 'టేకెన్' అంటుంది. విక్టోరియా రాణి దగ్గరికి వచ్చేసరికి లాహోర్ మహారాజు దాన్ని 'సరెండర్' చేయాలంటుంది. తీసుకున్నవాడిగా రంజిత్ సింగ్ పేరుంది. రాణి వైపు తీసుకోవడం అనే క్రియే లేదు, ఇచ్చే పనంతా ఇచ్చేవాడి మీదే పెట్టారు. ఆ ఇచ్చేవాడు రంజిత్ సింగ్ కొడుకు దలీప్ సింగ్, అప్పటికి పదేళ్ల పిల్లాడు.

కోహినూర్‌ను వెనక్కి తెప్పించాలన్న కేసులో 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫున అప్పటి సొలిసిటర్ జనరల్ రంజిత్ కుమార్ ఆ వజ్రాన్ని దొంగిలించలేదు, బలవంతంగా తీసుకెళ్లలేదు అన్నారు. దేశమంతా గోల. ఆ వెంటనే, స్నేహపూర్వకంగా వెనక్కి తెచ్చే ప్రయత్నం చేస్తామని కేంద్రం చెప్పాల్సి వచ్చింది.

ఈ వాక్యం క్లాసులో బోర్డు మీద రాస్తాను, మధ్యలో ఖాళీతో: 'ఇన్ 1849 ది బ్రిటిష్ ... ది డైమండ్ ఫ్రమ్ ఎ టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్'. రాబ్డ్ అన్నవాళ్లకు వ్యాకరణం మీదే మార్కు పోతుంది, వెనక వస్తువుంది కాబట్టి. స్టోల్ అన్నవాళ్లకు అర మార్కు, చాటుగా జరగలేదు కనుక. సీజ్డ్ అన్నవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు, గట్టిగానే వాదిస్తారు. నేను మాత్రం ఎక్స్‌టార్టెడ్ అని నింపుతాను, ఆ పిల్లాడి చేతే ఇప్పించుకున్నారు కాబట్టి.